అసెంబుల్డ్ సీపీయూల మోత, అమీర్‌పేట చెవి

హైదరాబాద్‌కు కంప్యూటర్ తయారీ కొత్త కాదు. 1967లో ఇక్కడ పుట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ 1969 నాటికే టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. కానీ కంప్యూటర్ లోపలి చప్పుడు మామూలు జనం చెవిన పడింది మాత్రం 1990ల చివర్లోనే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు నిండిపోయి, పంజాగుట్ట హాస్టళ్లలోకీ బంజారా హిల్స్ ఇళ్లలోకీ అసెంబుల్డ్ సిస్టమ్‌లు చేరిన కాలమది.

విడిభాగాలకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారు. అందరూ సీటీసీ అనే ఆ కాంప్లెక్స్‌లో మదర్‌బోర్డు ఒక కొట్టులో, ర్యామ్ ఇంకో కొట్టులో కొని బిగించుకునేవారు. బ్రాండెడ్ మిషన్ కంటే చవక. కాకపోతే అన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో ముందే పరీక్షించి చెప్పే కంపెనీ ఉండదు. ఆ పని కుర్ర టెక్నీషియన్ చెవి మీద పడింది.

మొదట వినాల్సింది బీప్. తెర మీద బొమ్మే రానప్పుడు, ఏది పాడైందో చెప్పడానికి, సిస్టమ్‌ను మొదలుపెట్టే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ బయోస్‌కు మిగిలిన దారి చిన్న స్పీకర్ ఒక్కటే. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే గోల డిస్‌ప్లే కార్డుదని అర్థం. ర్యామ్ మీద అనుమానం వస్తే దాన్ని ఊడదీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చేవారు. చాలాసార్లు అంతటితో సరిపోయేది.

అసలు చిక్కు సిస్టమ్ చక్కగా నడుస్తూనే మోత పెట్టినప్పుడు. దుకాణంలో బల్ల మీద రాని చప్పుడు, ఇంటికి తెచ్చి మూత బిగించగానే మొదలయ్యేది. టకటకమని ఆగకుండా కొట్టుకుంటే ఏదో కేబుల్ ఫ్యాన్ రెక్కకు తగులుతున్నట్టే. గరగరమంటే బేరింగ్‌లో నూనె ఆరినట్టు. అదే పనిగా గుయ్యిమంటే హార్డ్ డిస్క్ మరలు చూడాలి. నిమిషానికి 7,200 చుట్లంటే సెకనుకు 120. నాలుగు మరల్లో రెండే బిగిస్తే ఆ అదురు రేకు డబ్బా అంతటికీ పాకుతుంది. తేల్చుకోవడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన డిస్క్‌కు ఆనించి, ప్లాస్టిక్ పిడిని చెవి దగ్గర పెట్టుకునేవారు. ఇంజిన్ మెకానిక్కుల పద్ధతే ఇది. డిస్క్ లోపలి నుంచే టక్, టక్ అని వినిపిస్తే మరమ్మతు సంగతి పక్కన పెట్టి, ముందు డేటా కాపీ చేసుకోమనేవారు.

ఏ కోర్సు సర్టిఫికెట్‌లోనూ లేని ఈ విద్యకు రావలసినంత గౌరవం రాలేదు. మైత్రీవనం చరిత్ర అంటే జావా, ఒరాకిల్ బోర్డుల గురించే చెబుతారు. ఆ పాఠాలు సాధన చేసిన డబ్బాలను ఎవరు నిలబెట్టారో కూడా చెప్పాలి.

ఎస్‌ఎస్‌డీలు వచ్చాక డిస్క్ చప్పుడు పోయింది. చాలా క్యాబినెట్లలో బీప్ స్పీకరే ఉండటం లేదు, మదర్‌బోర్డు మీది చిన్న లైట్లే తప్పేమిటో చూపిస్తున్నాయి. బదులుగా కొత్త మోతలు వచ్చాయి. గ్రాఫిక్స్ కార్డు కాయిల్స్‌లో కరెంటు వేగంగా మారుతుంటే తీగచుట్లు కంపించి సన్నగా కీచుమంటాయి; గేమ్ ఫ్రేమ్ రేటుకు పరిమితి పెడితే తరచూ తగ్గుతుంది, కార్డుకు ప్రమాదం లేదు. లిక్విడ్ కూలర్‌లో గలగల వినిపిస్తే పంపులో గాలి చేరినట్టు. రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండేలా బిగించాలి.

కొత్త సిస్టమ్ కట్టించుకునేవారు డబ్బు చెల్లించే ముందు రెండు మూతలూ బిగించమనండి. కాసేపు నడిపించి, దగ్గరగా చెవి పెట్టి వినండి.