ఎన్నింట్లో? లెక్కపెట్టింది ఎవరు?

ఈ భాగం కొంచెం లెక్కలతో ఉంటుంది. లెక్కలంటే విసుగుపడే వాళ్లు కూడా చివరిదాకా చదవండి. ఎందుకంటే మనల్ని కొట్టేవాళ్లు ఈ మధ్య కర్రతో పాటు అంకెలు కూడా పట్టుకొస్తున్నారు.

2021 ఆగస్టు 4. టోక్యో ఒలింపిక్స్, మహిళల హాకీ సెమీఫైనల్. అర్జెంటీనా చేతిలో ఇండియా 2-1తో ఓడిపోయింది. మ్యాచ్ అయిపోగానే హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, గంతులేసి, కులం పేరుతో తిట్టారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. వాళ్లన్న మాట ఇది: జట్టులో దళితులు ఎక్కువయ్యారు, అందుకే ఓడారు. కేసు నమోదైంది, అరెస్టులు జరిగాయి. టీవీల్లో రెండు రోజులు నడిచింది. తర్వాత అందరూ మర్చిపోయారు.

నేను ఆ మాటను మర్చిపోలేదు. అది తిట్టే కాదు, ఒక వాదన కూడా. "ఫలానా వాళ్లు ఉన్నారు కాబట్టి ఫలితం చెడింది" అనేది ఆ వాదన. కాలేజీ సీట్ల దగ్గర, ప్రమోషన్ల దగ్గర, డాక్టర్ల దగ్గర మనం రోజూ వినేది ఇదే. హాకీలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ స్కోరు అందరికీ తెలుసు, ఎవరూ దిద్దలేరు. అందుకే ఆ వాదనను ముందు మైదానంలోనే పరీక్షించి చూద్దాం.

టోక్యోలో మన అమ్మాయిలు 8 మ్యాచ్‌లు ఆడారు. నెదర్లాండ్స్‌తో 1-5, జర్మనీతో 0-2, బ్రిటన్‌తో 1-4. వరసగా మూడు ఓటములు. తర్వాత ఐర్లాండ్‌పై 1-0, దక్షిణాఫ్రికాపై 4-3 గెలుపు. ఆగస్టు 2న క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 1-0. సెమీస్‌లో 1-2. కాంస్యం మ్యాచ్‌లో బ్రిటన్‌తో 3-4. మొత్తం చేసిన గోల్స్ 12, ఇచ్చినవి 20.

ఆ 12లో వందన కొట్టినవి 4. గుర్జీత్ కౌర్ కూడా 4. మిగిలిన నాలుగూ తలా ఒకటి. జూలై 31న దక్షిణాఫ్రికా మీద వందన హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆ పని చేసిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ మూడు గోల్స్ తీసేస్తే ఆ మ్యాచ్ 1-3తో పోయేది, జట్టు గ్రూప్ దశలోనే ఇంటికొచ్చేది. సెమీఫైనల్లో ఓడిపోవాలంటే కూడా ముందు సెమీఫైనల్‌దాకా వెళ్లాలి కదా!

కానీ నేను ఇక్కడే ఆగితే అది వాళ్ల ఆటలో పడటమే. "చూడండి, మా అమ్మాయి ఎన్ని గోల్స్ కొట్టిందో" అని మనం లెక్క చూపించామంటే, గోల్ కొట్టని అమ్మాయిని తిట్టే హక్కు ఉందని ఒప్పుకున్నట్టే. వందన ఆ టోర్నీలో ఒక్క గోల్ కొట్టకపోయినా ఆ వాదన తప్పే. ఎందుకో చూడండి. ఆగస్టు 2న ప్రపంచంలోనే బలమైన జట్లలో ఒకటైన ఆస్ట్రేలియాను ఓడించిన స్క్వాడే ఆగస్టు 4న ఓడింది. ఆ రెండు రోజుల్లో ఎవరి కులమూ మారలేదు. గెలిచిన రోజూ ఓడిన రోజూ ఒకేలా ఉన్న విషయం ఓటమికి కారణం ఎలా అవుతుంది? స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లుంటాయి. మనకు పేరు అక్కర్లేదు, ఈ ప్రశ్న చాలు. పైగా ఒకటీ రెండూ గోల్స్‌తో తేలిపోయే ఆట అది. ఒక్క మ్యాచ్‌తో ఏ జట్టు గురించీ తీర్పు చెప్పలేం, ఇక జాతి గురించి ఏం చెప్తాం?

ఇదే జట్టు 2016 రియోలో ఒక్క మ్యాచ్ గెలవలేదు, 12 జట్లలో 12వ స్థానం. అక్కడి నుంచి ఐదేళ్లలో నాలుగో స్థానానికి వచ్చింది. అయితే "1980 మాస్కోలో కూడా నాలుగో స్థానమే కదా, ఏం ఎదిగారు" అనే వాళ్లున్నారు. మాస్కోను చాలా దేశాలు బహిష్కరించాయి. మహిళల హాకీలో ఆడినవి 6 జట్లే. ఆరింట్లో నాలుగు వేరు, పన్నెండింట్లో నాలుగు వేరు. పై అంకె ఒకటే, కింది అంకె వేరు. అంకెలతో చేసే మోసాల్లో ఎక్కువ భాగం ఈ కింది అంకెను దాచిపెట్టడమే.

మన "స్వర్ణయుగం" కథలో కూడా ఈ కింది అంకెను ఎవరూ చెప్పరు. 1932 లాస్ ఏంజిలిస్‌లో అమెరికా మీద 24-1! స్కూల్ క్విజ్‌లో అందరం చదువుకున్నాం. ఆ ఒలింపిక్స్ హాకీలో ఆడినవి మొత్తం మూడు జట్లని ఎంతమందికి తెలుసు? ఇండియా, జపాన్, అమెరికా. అమెరికా రెండు మ్యాచ్‌లూ ఓడింది, కాంస్యం తీసుకుంది. అంతకుముందు స్వర్ణాలు గెలిచిన బ్రిటన్ 1948 దాకా మళ్లీ హాకీలో దిగనే లేదు. ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్ గొప్ప ఆటగాళ్లు కారని కాదు నేననేది. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 5 మ్యాచ్‌ల్లో 29 గోల్స్ కొట్టి ఒక్కటి కూడా ఇవ్వకపోవడం ఎలా చూసినా గొప్పే. (ఆ తొలి స్వర్ణం జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్, ముండా ఆదివాసి. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతయ్యాడు. మెరిట్ గురించి మాట్లాడేవాళ్లు ఈ పేరు ఎత్తగా నేను వినలేదు.) నేననేది ఒక్కటే. 24 అన్న అంకెను జాతి గర్వంగా మోసేవాళ్లు, ఆ 3 అన్న అంకెను ఎప్పుడూ మోయలేదు.

ఆ 24-1 మ్యాచ్ తేదీ గుర్తుపెట్టుకోండి. 1932 ఆగస్టు 11. సరిగ్గా ఐదు రోజులకు, ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని కమ్యూనల్ అవార్డ్ ప్రకటించాడు. తర్వాత నిరాహార దీక్ష, సెప్టెంబరు 24న పూనా ఒప్పందం. అది మనకు తెలిసిన చరిత్ర. తెలియని భాగం దానికి కొన్ని నెలల ముందుది. ఓటు హక్కు ఎవరికివ్వాలో తేల్చడానికి వచ్చిన లోథియన్ కమిటీ ముందు ఒక ప్రశ్న పెట్టుకుంది: ఈ దేశంలో అంటరానివాళ్లు ఎంతమంది? బాబాసాహెబ్ ఆ కమిటీ సభ్యుడు. అక్కడ జరిగిన తమాషాను తర్వాత అంకెలతో సహా రాసిపెట్టాడు.

యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, అంటే నేటి యూపీ వైపు, సెన్సస్ అధికారి లెక్క కోటీ 26 లక్షలు. ప్రావిన్స్ ప్రభుత్వం లెక్క 68 లక్షలు. అక్కడి స్థానిక పెద్దలతో వేసిన ప్రావిన్షియల్ కమిటీ లెక్క ఎంతో తెలుసా? 6 లక్షలు. బెంగాల్‌లో సెన్సస్ కోటీ 3 లక్షలంటే, ప్రభుత్వం కోటీ 12 లక్షలంటే, స్థానిక కమిటీ 70 వేలంది. కోటి మంది మనుషులు కాగితం మీద మాయమయ్యారు! వాళ్లేమీ చచ్చిపోలేదు. సీట్లు పంచుకోవాల్సి వచ్చిందని తెలియగానే "మా దగ్గర అంటరానితనం ఎక్కడుంది?" అన్నారు. మరుసటి రోజు బావి దగ్గరికి వెళ్తే మాత్రం లెక్క మళ్లీ కోటికి వచ్చేది.

కింది అంకె ఏది అని అడగడం సగం పని. లెక్కపెట్టింది ఎవరు, ఆ లెక్క తగ్గితే లాభం ఎవరికి అని అడగడం మిగతా సగం.

ఈ రెండు ప్రశ్నలూ చేత్తో పట్టుకుని 2018కి రండి. మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచ్ అట్రాసిటీ చట్టం దుర్వినియోగమవుతోందని చెప్పి, అరెస్టుకు ముందు పై అధికారుల అనుమతి, ప్రాథమిక విచారణ లాంటి షరతులు పెట్టింది. ఆ తీర్పులో ఎన్‌సీఆర్‌బీ అంకెలున్నాయి. 2016లో పోలీసులు తప్పుడువని తేల్చిన ఎస్సీ కేసులు 5,347, ఎస్టీ కేసులు 912. 2015లో కోర్టుల్లో తేలిన 15,638 కేసుల్లో 11,024 కొట్టేశారు, 495 వెనక్కి తీసుకున్నారు, 4,119లో శిక్ష పడింది. టీవీ యాంకర్లకు ఇంకేం కావాలి? "వందకు డెబ్బై దొంగ కేసులే" అని రాత్రికి రాత్రి తేలిపోయింది. నేటికీ ఊళ్లో రచ్చబండ మీద అదే మాట.

ముందు 5,347 సంగతి. ఎన్నింట్లో? ఆ ఏడాది ఎస్సీలపై నేరాల కింద నమోదైనవే 40,801. అంటే వందకు 13. అంతకుముందు ఏళ్ల పెండింగ్ కేసులు కూడా దర్యాప్తులో ఉంటాయి కాబట్టి అసలు వాటా ఇంకా తక్కువ. ఇక "తప్పుడు" అని రాసింది ఎవరు? ఎఫ్‌ఐఆర్ కట్టమంటే మూడు రోజులు తిప్పిన స్టేషనే. మోసం కేసుల్లో, కిడ్నాప్ కేసుల్లో కూడా పోలీసులు తప్పుడువని మూసేసేవి ఉంటాయి. అందుకని మోసం చేసినవాణ్ని అరెస్టు చేయడానికి పై అధికారి సంతకం కావాలని ఎవరూ అనలేదు.

ఇక 11,024. కొట్టేసిన కేసు, అబద్ధం కేసు ఒకటే అనుకోవడం దగ్గరే అసలు మోసం. అత్యాచారం కేసుల్లో కూడా శిక్ష పడేది దాదాపు నాలుగింట ఒకదాంట్లోనే. మిగతా ముప్పావు వంతు ఆడవాళ్లు అబద్ధం చెప్పారని అంటామా? పైగా ఈ 15,638 తేలినవి మాత్రమే. కోర్టుల్లో లక్షకు పైగా కేసులు తేలకుండా పడి ఉన్నాయి. ఈ ఏళ్ల తరబడి కాలంలో ఏం జరుగుతుందో వాడల్లో ఉన్నవాళ్లకు చెప్పాలా? కూలికి పిలవరు. కౌలుకు పొలం ఇవ్వరు. ఎదురు కేసు పెడతారు. పెద్దమనుషులు రాజీకి కూర్చోబెడతారు. సాక్షి అడ్డం తిరుగుతాడు. ఇవేవీ ఎన్‌సీఆర్‌బీ పట్టికలో గడులు కావు.

కొట్టేసిందంటే అబద్ధమే అనేవాళ్లకు చుండూరు పేరు చెప్పండి. 1991 ఆగస్టు 6న పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. పదహారేళ్లకు, 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది, ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయలేకపోయిందని. చట్టం భాషలో అది కొట్టేసిన కేసు. మరి ఆ ఎనిమిది మంది చావులు అబద్ధమా? చుండూరు నడిబొడ్డున వాళ్లను పాతిపెట్టిన చోటుంది, పేరు రక్తక్షేత్రం. వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు.

2018 ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో పలువురు ప్రాణాలు పోయాక, ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2019 అక్టోబరు 1న ముగ్గురు జడ్జీల బెంచ్ తన పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. కేసులు వీగిపోవడానికి సరైన దర్యాప్తు లేకపోవడం, సాక్షులు రాకపోవడం లాంటి కారణాలుంటాయని, వాటికి కులాన్ని నిందించలేమని కోర్టే అంది. ఈ రెండో తీర్పు గురించి ఎంతమంది యాంకర్లు గంటసేపు చర్చ పెట్టారో మీకు తెలుసు.

ఇప్పుడు మనవాళ్ల మాట ఒకటి. కోపం తెచ్చుకోకండి. "దేశంలో ప్రతి 18 నిమిషాలకు ఒక దళితుడిపై దాడి" అని మన ఫ్లెక్సీల మీద ఏళ్లుగా ఉంది. 2016 అంకెతో లెక్కేస్తే 18 కాదు, దాదాపు 13 నిమిషాలు. అదీ నమోదైన కేసుల లెక్క, జరిగిన దాడుల లెక్క కాదు. పైగా కేసులు పెరిగితే దాడులే పెరిగాయని అనలేం. 2016 జనవరిలో సవరణ చట్టం అమల్లోకి వచ్చి కొత్త నేరాలు చేరాయి, జనంలో ధైర్యం వచ్చి స్టేషన్ మెట్లెక్కితే కూడా అంకె పెరుగుతుంది. తక్కువ ఉన్నచోట సుఖమనీ అనలేం. 2011 సెన్సస్ ప్రకారం యూపీ తర్వాత అత్యధిక ఎస్సీ జనాభా పశ్చిమ బెంగాల్‌దే, రెండు కోట్లకు పైన. అక్కడ ఏటా నమోదయ్యే కేసులు వంద, రెండొందల మధ్య. 1932లో బెంగాల్ కమిటీ వేసిన 70 వేల లెక్క గుర్తొచ్చిందా?

వందనా కటారియా 2025 ఏప్రిల్‌లో రిటైరైంది. 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. భారత మహిళల హాకీలో ఆమె ఆడినన్ని మ్యాచ్‌లు ఇంకెవరూ ఆడలేదు.

వచ్చే భాగంలోపు మీకు ఒక పని. అట్రాసిటీ రూల్స్‌లో 17వ నిబంధన ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. అంటే ఏడాదికి కనీసం నాలుగు మీటింగులు. మీ జిల్లాలో పోయిన మూడేళ్లలో, 12కి గాను ఎన్ని జరిగాయి? మినిట్స్ కాపీలతో సహా ఆర్టీఐ వేయండి. అలాగే ఎస్పీ ఆఫీసుకు ఇంకో దరఖాస్తు: మూసేసిన కేసుల్లో "తప్పుడు" అని రాసినవెన్ని, "నిజమే కానీ సాక్ష్యం చాలలేదు" అని రాసినవెన్ని, రెండూ విడివిడిగా ఇవ్వమనండి. కలిపి ఇస్తే తీసుకోకండి, అప్పీలుకు వెళ్లండి. దరఖాస్తు రాయడం రాని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పక్కనున్న సీనియర్లు కూర్చుని రాసిపెట్టండి.