వినైల్ రికార్డు – డిజిటల్ రూపము: గృహశ్రవణమున ప్రతినిర్ణయము

ప్రాచీనగ్రంథమును పరిష్కరింప బూనినవాడు మొదట ప్రతులను సేకరించి, ఏ ప్రతి దేనినుండి పుట్టినదో విచారించును. తాళపత్రప్రతి యైనంతమాత్రమున శుద్ధమనియు, ముద్రితప్రతి యైనంతమాత్రమున దోషభూయిష్ఠమనియు నెవ్వరును నిర్ణయింపరు. ఇంటిలో సంగీతము వినుటకు వినైల్ రికార్డు మేలా, డిజిటల్ రూపము మేలా యను వివాదమున మాత్రము ఈ న్యాయము తరచుగా మరువబడుచున్నది. రికార్డునందు జీవమున్నదని యొక పక్షమువారును, డిజిటల్ రూపమున దోషమే లేదని వేరొక పక్షమువారును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును చరిత్రయెదుట నెంతవరకు నిలుచునో మేమీ వ్యాసమున పరిశీలింపదలచినాము.

ఎడిసన్ 1877లో ధ్వనిని స్తూపముపై నిలిపెను. 1887లో బెర్లినర్ పళ్లెమువంటి రికార్డును కల్పించెను. ఒక మాతృకనుండి వేలకొలది ప్రతుల నచ్చొత్తుటకు ఇది యనువైనది. 1902లో గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మున్నగువారి పాటలను రికార్డు చేసెను. నాటి రికార్డులలో లక్క ముఖ్యద్రవ్యము. అవి నిముషమునకు సుమారు 78 మార్లు తిరుగునవి. ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిముషముల పాటకు మాత్రమే చోటుండెను. తెలుగు రంగస్థలమున ‘వన్స్‌మోరు’లతో, రాగాలాపముతో సాగిన పద్యము గ్రామఫోనులో నీ పరిమితికి లోబడవలసివచ్చెను. కావున ఆ రికార్డును విని, ‘నాటకమున పద్యము నిట్లే పాడిరి’ అని చెప్పుట యుక్తము కాదు. పాత పరికరము పాటను ఉన్నదున్నట్లు పట్టినదను నమ్మకమునకు ఆదిలోనే ఆధారము లేదు.

1948లో కొలంబియా సంస్థ వినైల్‌తో చేసిన దీర్ఘవాదన రికార్డును వెలువరించెను. నిముషమునకు 33⅓ మార్లు తిరుగు ఈ రికార్డున ఒక్కొక్క వైపు ఇరువది నిముషములకు పైగా సంగీతము పట్టినది. ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతము 1963లో ఈ రూపముననే వెలువడినది. అంతటి దీర్ఘస్తోత్రము మూడు నిముషముల తునకలుగా గాక వినబడుటకు ఈ నిడివియే కారణము.

ఐనను వినైల్‌కు తనవైన హద్దులు కలవు. రికార్డు వెలుపలి యంచున గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగును. లోపలి కొసకు వచ్చుసరికి ఆ వేగము సుమారు 21 సెంటీమీటర్లకు తగ్గును. అందుచేత చివరి పాటలలో పైస్థాయి ధ్వనులకు స్పష్టత తగ్గుట సహజము. గాడి మితిమీరి వెడల్పు కాకుండుటకై మంద్రధ్వనులను తగ్గించి చెక్కి, వినునపుడు యంత్రము వానిని మరల పెంచవలెను. 1954 ప్రాంతమున స్థిరపడిన ప్రమాణము ఈ మార్పుల కొలతను నిర్ణయించినది. కాబట్టి వినైల్ సైతము ధ్వనికి అద్దము కాదు. అదియు నొక లిపియే.

డిజిటల్ పద్ధతికి 1937లో అలెక్ రీవ్స్ కల్పన మూలము. 1982లో జపానున విక్రయమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో నొకదానిపై నిలుపును. కొలతకు కొలతకు నడుమనున్న ధ్వని పోవును గదా యని యాక్షేపము. కొలతల సంఖ్యలో సగముకంటె తక్కువ కంపనసంఖ్యగల ధ్వనిని ఆ కొలతలనుండియే పూర్తిగా పునర్నిర్మింపవచ్చునని షానన్ 1949లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. మానవశ్రవణము సెకనుకు 20,000 కంపనములను సామాన్యముగా దాటదు. కావున ఈ యాక్షేపము నిలువదు.

నిలుచు నాక్షేపములు వేఱు. 1990 తరువాత వ్యాపించిన ఎమ్‌పీ3 ఫైలు సెకనుకు 128 కిలోబిట్ల పరిమాణమున నున్నచో, కాంపాక్టు డిస్కులోని 1,411 కిలోబిట్లలో పదునొకండవవంతు మాత్రమే. చెవికి తెలియదని తలచిన భాగము నందు తీసివేయుదురు. అదే కాలమున ఎన్నో డిస్కులలో పాటను బిగ్గరగా వినిపింపగోరి, హెచ్చుతగ్గుల భేదమును అణచివేసిరి. ఇది పరిష్కర్త చేసిన దోషమే గాని లిపిదోషము కాదు.

ఇక రెండు పక్షములును భావించునట్లు ఈ రూపములు పరస్పరవిరుద్ధములు కావు. జపానులోని డెనాన్ సంస్థ 1972 నాటికే డిజిటల్ పద్ధతిని రికార్డు చేసి, ఆ సంగీతమును వినైల్‌పై విక్రయించెను. అమెరికాలో మొబైల్ ఫిడిలిటీ సంస్థవారి రికార్డులను శుద్ధవినైల్ శ్రవణమునకు మేలుబంతులని రసికులు మెచ్చుకొనుచుండిరి. వానిలో పెక్కింటి తయారీలో డిజిటల్ దశ యున్నదని 2022లో వెల్లడియైనది. వినినవారి చెవి దానిని పట్టలేదు. ఆ యేడే అమెరికాలో వినైల్ రికార్డులు సుమారు 4 కోట్ల 10 లక్షలు, కాంపాక్టు డిస్కులు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోయినవి. పెద్ద అట్టయు, దానిపై వ్రాతయు, ఒక వైపు ముగియువరకు కదలక వినుటయు నిచ్చు తృప్తిని మేము కాదనము. అది శ్రవణసంప్రదాయమునకు చెందిన గుణము. ధ్వనిప్రామాణ్యమునకు నిదర్శనము కాదు.

పరిశోధకునకు అసలు ప్రమాదము మరియొకచోట నున్నది. లక్కరికార్డుల వేగము అన్నింటను సరిగా 78 కాదు. 74 వేగమున రికార్డైన పాటను 78తో త్రిప్పినచో శ్రుతి ఇంచుమించు అరస్వరము పెరుగును, కాలమును తగ్గును. ఈ సంగతి గుర్తింపక చేసిన డిజిటల్ ప్రతిని విని గాయకుని శ్రుతిని, గమకవేగమును నిర్ణయించినవాడు లేని పాఠమునకు వ్యాఖ్య వ్రాసినవాడగును. గరగర తీసివేయబోయి ఊపిరిని, హల్లుల పదునును కూడ తీసివేసిన ప్రతులును గలవు. ప్రతి తీసితిమిగదా యని రికార్డును పారవేసినచో, ఈ తప్పులను దిద్దుటకు మార్గమే యుండదు. లక్కరికార్డు క్రింద పడిన పగులును; ఒక పద్యమునకు అది యేకైకప్రతి కావచ్చును.

కావున మా నిర్ణయమిది. నిత్యశ్రవణమునకు, కుదింపబడని డిజిటల్ ప్రతియే చాలును. ధ్వనివిషయమున అదియే మేలు. డిజిటల్ మాతృకనుండి నేడు పుట్టిన వినైల్‌ను ముచ్చటకై కొనవచ్చును గాని, అందు అధికమైన సత్యమున్నదని నమ్మరాదు. పాత రికార్డు సంగతి వేఱు, అది మూలప్రతి. దానినుండి మొదట ఏమార్పును చేయని డిజిటల్ ప్రతి తీయవలెను. త్రిప్పిన వేగమును, లేబులుపై వ్రాతను, గాడిచెంత చెక్కిన సంఖ్యను వ్రాసియుంచవలెను. శుద్ధిచేసిన ప్రతిని వేఱుగా నుంచవలెను. ఇవన్నియు ముగిసిన పిమ్మట సైతము రికార్డును భద్రపరుపవలెను. తాళపత్రములకు చేయు ఈ మర్యాదను ఆంధ్రుల కంఠధ్వనికి కూడ చేయుట తెలుగుశాఖల విధి.