సయ్యద్ షాహిద్ హకీం: సహాయక శిక్షకుడిగా, రిఫరీగా హైదరాబాదీ ఒలింపియన్

సయ్యద్ షాహిద్ హకీం (1939–2021) హైదరాబాద్‌కు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు, అంతర్జాతీయ రిఫరీ. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఈయన తండ్రి.

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో హకీంకు చోటు దక్కింది. శిక్షకుడు తండ్రే అయినా, హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో జరిగిన మూడు మ్యాచ్‌లలోనూ ఆయనకు మైదానంలో దిగే అవకాశం రాలేదు. దేశవాళీ పోటీల్లో సర్వీసెస్ తరఫున ఆడిన హకీం, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు.

రోమ్‌లో జట్టు సారథి పి.కె. బెనర్జీ. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి ఆయన ప్రధాన శిక్షకుడు కాగా, హకీం సహాయక శిక్షకుడిగా నియమితులయ్యారు. ఆ పోటీల్లో భారత్ బంగ్లాదేశ్, మలేసియాలపై నెగ్గి, చైనాతో 2-2తో సమంగా నిలిచింది. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడింది. గెలుపోటముల ఖాతా సాధారణంగా ప్రధాన శిక్షకుని పేరనే నమోదవుతుంది. కసరత్తుల నిర్వహణ, ఆటగాళ్ల తీరుతెన్నుల పరిశీలన వంటి సహాయకుని శ్రమ స్కోరు పట్టికలో కనిపించదు.

అనంతరం మహీంద్రా అండ్ మహీంద్రా, సాల్‌గావ్‌కర్ క్లబ్‌లకు శిక్షణ ఇచ్చారు. ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీగానూ వ్యవహరించారు. భారత్ ఆతిథ్యమిచ్చిన 2017 అండర్-17 ప్రపంచకప్‌కు ముందు ప్రతిభాన్వేషణ బాధ్యతలు చూశారు.

కేంద్ర ప్రభుత్వం 2017లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం ప్రదానం చేసింది. రోమ్ ఒలింపిక్స్ తర్వాత 57 ఏళ్లకు ఆ గుర్తింపు లభించింది. 2021 ఆగస్టు 22న కర్ణాటకలోని కలబురగిలో హకీం కన్నుమూశారు.