దేశకావలియు, రక్షణవిద్యా పట్టములును

దక్షిణదేశమున రక్షణవిద్యకు విశ్వవిద్యాలయ పట్టము లేర్పడిన తీరు గమనింపదగినది. ఇంగ్లండున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము 1909లోనే సైనికచరిత్రమునకు ఆచార్యపీఠము నెలకొల్పెను. ఇచట ముందుగా సేనాధికారుల కళాశాలలు వెలసెను. పట్టములు వెనుక వచ్చెను. 1905లో దేవలాలిలో ఆరంభమై, క్వెట్టాలో చిరకాలముండి, దేశవిభజనానంతరము నీలగిరులకు చేరిన వెల్లింగ్టన్ స్టాఫ్ కళాశాలలో చదివిన యధికారులకు మద్రాసు విశ్వవిద్యాలయము ఎం.ఎస్‌సి. పట్టము నొసగుచున్నది. 1970లో సికిందరాబాదున స్థాపితమైన రక్షణ నిర్వహణ కళాశాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయము అట్లే తోడ్పడుచున్నది. పోలీసు విద్య మొదలగువానికై 2020లో పార్లమెంటు చట్టముచే గుజరాతున రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయ మేర్పడినది.

ఈ పట్టములకు పాఠ్యము కాదగిన చరిత్రము వెంబకోట్టై పరిసరములందే కలదు. మధుర నాయకరాజుల కాలమున రాజ్యము 72 పాళెములుగా విభక్తమైనదని ప్రసిద్ధి. పాళెగాడు యుద్ధమునకు సేనను పంపుటయే గాక, శాంతికాలమున ఊళ్లను కాచుచుండెను. ఒక్క యూరిది స్థలకావలి. పలు గ్రామములకును, బాటలకును సంబంధించినది దేశకావలి. దీనికి రైతులు రుసుము చెల్లించుచుండిరి. సొత్తు దొంగిలింపబడినచో కావలివాడు దానిని తెచ్చియీయవలెను, లేదా వెల కట్టియీయవలెను. ఇట్టి నిబంధన నేటి యే రక్షకశాఖకున్నది? అయినను రుసుము నిర్ణయించువాడును, ఆయుధము పట్టువాడును ఒక్కడే యగుటచే కావలి పలుచోట్ల పీడనగా మారినదనుట సత్యము. కంపెనీవారు ఈ రెండవ ముఖమునే తమ లేఖలలో చూపిరి.

1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన కయత్తారున ఉరితీయబడెను. ఎట్టయాపురము కంపెనీ పక్షము వహించెను. ఇరువురి యింటిభాషయు తెలుగే! 1801లో కోటలు కూలెను, ఆయుధములు పోయెను. 1803 నాటి శాశ్వత పైసలాతో మిగిలిన పాళెగాండ్రు జమీందారులైరి గాని, దేశకావలి వారికి దక్కలేదు. గ్రామములలో మాత్రము ఆచారము చావలేదు. తుదకు మధుర సీమలో కావలివృత్తి గల కళ్ళర్లు 1911 నాటి నేరస్థజాతుల చట్టము పాలైరి. నిన్నటి కాపరులు పోలీసు ఠాణాలో వ్రేలిముద్రలు వేయవలసినవారైరి. దేశమంతటను ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు.

ఈ కథను కంపెనీ లేఖల మూలముననే చదివినచో పాళెగాడు తిరుగుబాటుదారుగానో, దోపిడికాడుగానో కనబడును. ఊరివారి వైపు వినవలెనన్న తెలుగు, తమిళము రెండును రావలెను. 2006 నాటి తమిళ బోధన చట్టము పిమ్మట ఈ సీమ బడులలో తెలుగు చదువు సన్నగిల్లినది. మద్రాసు, ఉస్మానియా విశ్వవిద్యాలయములు రక్షణవిద్యలో కావలివ్యవస్థపై ఒక పరిశోధనాంశమును చేర్చి, ఉభయభాషలు తెలిసిన విద్యార్థులను ఈ పల్లెలకు పంపవలెనని మనవి. కావలి మాటలు తెలిసిన వృద్ధులు ఇంకను కొందరున్నారు.