చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి: మనం పరిగెత్తే దారుల చరిత్ర



పోయిన నెల ఒక తమ్ముడు మన గ్రూపులో అడిగాడు. "అన్నా, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చెయ్యాలి. మా ఊళ్ళో గ్రౌండ్ లేదు. ఎక్కడ పరిగెత్తాలి?" తలా ఒక దారి చెప్పారు. ఒకరు లంబసింగి ఘాట్ అన్నారు, ఇంకొకరు చింతపల్లి రోడ్డు అన్నారు, మరొకరు కృష్ణదేవిపేట నుంచి కొయ్యూరు వైపు బాగుంటుందన్నారు. అవన్నీ చదువుతుంటే నాకొకటి తట్టింది. మనోళ్ళు చెప్పిన దారుల్లో చాలా మటుకు వందేళ్ళ కిందట ఫితూరీ నడిచిన దారులే. రోజూ వాటి మీద చెమట కారుస్తున్నాం, కానీ వాటి కథ మనలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ పోస్ట్. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు ఘాట్ రోడ్డు సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే రోడ్డు ఇది. లంబసింగి దగ్గరకొచ్చేసరికి సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటాం. ఇప్పుడు చలికాలం వస్తే టూరిస్టుల కార్లు బారులు తీరతాయి. ఈ రోడ్డు వేసింది మాత్రం మన తాతల చేతులు. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ కాలంలో కొండల్లో రోడ్ల పని జోరుగా నడిచింది. మనుషుల్ని ఇళ్ళ నుంచి లాక్కొచ్చి, సరైన కూలి ఇవ్వకుండా రాళ్ళు కొట్టించారు. ఎదురు చెబితే దెబ్బలు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం పడింది, సొంత అడవిలో తిరగడమే నేరమయ్యింది. ఒకపక్క కొండమీద పండించుకోనివ్వరు, ఇంకోపక్క అదే కొండను తవ్వడానికి వెట్టికి పిలుస్తారు. ఫితూరీకి ఇంకా కారణాలున్నాయి గానీ, ఈ రోడ్డు వాటిలో పెద్దది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫితూరీ సీతారామరాజుతో మొదలవ్వలేదు. 1879లో రంపలో లేచిన ఫితూరీ గొలుగొండ కొండలకు, రేకపల్లికి, భద్రాచలం వైపుకు పాకింది. కల్లు మీద వేసిన పన్ను, మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల దోపిడీ దానికి కారణాలు. తమ్మన్నదొర లాంటి వాళ్ళు నడిపించారు. ఫోను లేదు, తంతి లేదు. అంత దూరం కబురెలా పోయింది? కాలిబాటల మీదే. సంతకొచ్చిన మనిషి ఇంకో ఊరికి చెబుతాడు, ఆ ఊరోడు గెడ్డ దాటి ఇంకో ఊరికి చెబుతాడు. అధికారుల చేతిలో ఒక్క ఘాట్ రోడ్డు ఉంటే, మనోళ్ళకు వంద బాటలు తెలుసు.

ఆ బాటల బలం 1922లో మళ్ళీ కనబడింది. ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మనలో చాలామంది ఈ తేదీలు పరీక్షల కోసం బట్టీ పట్టినోళ్ళమే. కానీ ఒక్కసారి మ్యాప్ తీసి చూడండి. చింతపల్లి కొండ మీద ఉంది. కృష్ణదేవిపేట కొండ దిగాక కింద ఉంది. రాజవొమ్మంగి ఇంకా పడమటికి, గోదావరి వైపు ఉంది. ఆగస్టు అంటే మన్యంలో ముసురు, గెడ్డలు పొంగే కాలం. ఆ వానలో, దొరికిన తుపాకులు, తూటాలు మోసుకుంటూ రోజుకో చోటికి చేరారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకున్నారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. పుస్తకాల్లో తుపాకుల లెక్క ఉంటుంది. ఆ కాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. చింతపల్లి నుంచి దిగుడు దారిలో పది కిలోమీటర్లు పరిగెత్తి మోకాళ్ళు పట్టేసినోళ్ళకు ఆ లెక్క అర్థమవుతుంది.

తర్వాతది దామనపల్లి ఘాట్. 1922 సెప్టెంబరు 24. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు బలగంతో ఆ దారిన వస్తుంటే మనోళ్ళు పైన మాటు వేశారు. ముందు నడిచే భారతీయ జవాన్లను పోనిచ్చి, వెనక వచ్చిన అధికారుల్ని కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. ఇరుకు దారి, ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. ఏ మలుపులో నిలబడితే కిందోడు కనబడతాడో, పైనున్నోడు కనబడడో అక్కడి మనిషికే తెలుస్తుంది. ఆ దెబ్బ తర్వాత ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసుల్ని దింపింది, ఆపైన అస్సాం రైఫిల్స్‌ని తెచ్చింది.

మరి ఇంత తెలిసినోళ్ళు ఎందుకు ఓడిపోయారు? దారులు మర్చిపోయా? కాదు. దారి అంటే ఒట్టి మట్టి కాదు. దారి పక్కన ఊరుండాలి, ఊళ్ళో అంబలి పోసే చెయ్యి ఉండాలి, "అటు పోలీసులున్నారు, ఇటు పొండి" అని చెప్పే నోరుండాలి. ప్రభుత్వం చివరికి కొట్టింది వాటినే. ఊళ్ళ దగ్గర క్యాంపులు పెట్టి, జరిమానాలు వేసి, అన్నం పెట్టినోళ్ళను కొట్టి వేధించింది. ఊరు నోరు మూసుకుంటే బాట కూడా మూసుకుపోతుంది. 1924 మే 7న సీతారామరాజును మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ తర్వాత గాం గంటందొర కూడా చనిపోయాడు. అంతకుముందే 1923లో దొరికిన ఆయన తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలుకెళ్ళి, బతికి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ మాట మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు అసలు విషయం. స్టేషన్ల మీద దాడి చేసినోళ్ళ మనవలం, స్టేషన్‌లో ఉద్యోగం కోసం అదే దారిలో 1600 మీటర్లు టైమింగ్ పెట్టుకుని పరిగెత్తుతున్నాం. ఒకాయన నాతో ఇది సిగ్గుచేటు అన్నాడు. నేనొప్పుకోను. ఇంట్లో ముసలోళ్ళకు మందులు కావాలి, చెల్లెలికి ఫీజు కావాలి. ఉద్యోగం తప్పు కాదు. కానీ యూనిఫాం వేసుకున్న రోజు, స్టేషన్ గుమ్మంలో మన భాషలో మాట్లాడే ఒక అవ్వ నిలబడితే, ఆమెను కూర్చోబెట్టి గోడు వినేవాడు కావాలి. 1922లో ఆ స్టేషన్లలో అలాంటోడు లేడు. దారి చరిత్ర తెలిసినోడు ఆ తేడా మర్చిపోడని నా నమ్మకం.

రోడ్ల విషయంలో కూడా అంతే. అప్పుడు మనోళ్ళు రోడ్డు మీద కోపపడ్డారు, ఇప్పుడు మనమే రోడ్డు కావాలని ధర్నా చేస్తున్నాం. నిండు గర్భిణిని డోలీలో మోసినోళ్ళకు రోడ్డు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇందులో తిరకాసేమీ లేదు. అప్పటి రోడ్డు మన చేత వేయించి మన మీదికి వచ్చింది. ఇప్పుడు అడిగేది మనం ఆసుపత్రికి పోయే రోడ్డు. ఎవరి కోసం వేస్తున్నారన్నదే ప్రశ్న.

చివరగా ఒక పని చెబుతాను. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ తాతనో అవ్వనో అడగండి. రోడ్డు రాకముందు సంతకు ఏ బాటన పోయేవాళ్ళు? ఆ బాటలో గెడ్డకు, రాయికి, చెట్టుకు పేర్లేంటి? రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. సీతారామరాజు పేరు మీద జిల్లా వచ్చింది, మంచిదే. కానీ ఆయన వెనక నడిచిన వందల మంది పేర్లు, ఆ బాటల పేర్లు ముసలోళ్ళ నోట్లోనే ఉన్నాయి. వాళ్ళు పోతే అవీ పోతాయి.

రేపు పొద్దున్నే ఘాట్ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఒక్క నిమిషం ఆగండి, పక్కనున్న పాత బాట వైపు చూడండి. మళ్ళీ పరిగెత్తండి.

జోహార్.