దోర్నకల్, తరంగంబాడి: దక్షిణ ఇండియా సంఘానికి తెలుగు మూలాలు

విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైలు మార్గంలో, సింగరేణి బొగ్గును తరలించేందుకు ఇల్లెందు వైపు వేసిన శాఖ చీలే చోట దోర్నకల్ ఉంది. నేడు మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ ఊరిని బయటివారు జంక్షన్‌గానే ఎరుగుదురు. అయితే 20వ శతాబ్దపు ప్రొటెస్టెంటు క్రైస్తవ చరిత్రలో దీనికి మరో స్థానం ఉంది. ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్, మెథడిస్టు శాఖలు 1947లో దక్షిణ ఇండియా సంఘం పేరిట ఒక్కటి కావడానికి పునాది తమిళ తీరంలోని తరంగంబాడిలో, రెండు రోజుల సభలో పడగా, ఆ సభకు ముఖ్య సారథి దోర్నకల్ బిషప్ కావడం వల్ల ఈ ఊరి చరిత్రను ఆ ఐక్యత చరిత్ర నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఐక్యత అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే అంతకుముందున్న విభజన ఎలాంటిదో చూడాలి. 19వ శతాబ్దంలో తెలుగునాట పనిచేసిన విదేశీ మిషన్లు ఒకరి క్షేత్రంలో మరొకరు అడుగుపెట్టకూడదన్న ఒప్పందంతో ప్రాంతాలను పంచుకున్నాయి. కృష్ణా తీరం, బందరు చర్చి మిషనరీ సొసైటీ వారికి, కడప లండన్ మిషన్‌కు, గుంటూరు లూథరన్లకు, ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులకు, మెదక్ ప్రాంతం వెస్లియన్ మెథడిస్టులకు దక్కాయి. అందువల్ల ఒక రైతుకూలీ ఏ శాఖవాడన్నది అతని విశ్వాసాన్ని బట్టి గాక అతని పల్లె ఏ మిషన్ హద్దులో ఉందన్న దాన్ని బట్టి తేలేది. బతుకుతెరువు కోసమో, పెళ్ళి సంబంధం వల్లనో హద్దు దాటిన కుటుంబానికి కొత్త ఊరి గుడిలో ప్రభు భోజన సంస్కారం, అంటే యేసు కడరాత్రి విందును స్మరించుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, అందడం సులువు కాదు. ఐరోపాలో శతాబ్దాల కిందట జరిగిన వివాదాల ఫలితాన్ని ఆ వివాదాల పేరు కూడా వినని పల్లెవాసులు అనుభవించవలసి వచ్చింది.

దీనికి కులం తోడైంది. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, కృష్ణా ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు అధికంగా చేరినందున కొన్ని చోట్ల శాఖ భేదం కుల భేదానికి మారుపేరుగా నిలిచిపోయింది. ఈ రెండు గోడలనూ ఎదుర్కోవలసి వచ్చినవాడు దోర్నకల్ తొలి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో సువార్త ప్రకటించాలన్న ఉద్దేశంతో 1903లో తిరునల్వేలిలో వెలసిన మిషనరీ సంఘం దోర్నకల్ పరిసరాలను తన క్షేత్రంగా ఎంచుకోగా, ఆ సంఘ స్థాపకుల్లో ఒకరైన అజరయ్య 1909లో స్వయంగా ఇక్కడికి వచ్చి తెలుగు పల్లెల్లో పనిచేశారు. మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు ఎంత త్యాగం చేసినా స్థానిక సేవకులను స్నేహితులుగా చూడటం లేదని ఆయన నిర్మొహమాటంగా చెప్పడం సభికుల్లో కలకలం రేపింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఏడేళ్ళ తరువాత, 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో సభ జరిగింది. 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు భారతదేశంలో దిగిన రేవు అదే. ఆంగ్లికన్ సంఘం నుంచి, 1908లోనే ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఏర్పరచుకున్న దక్షిణ భారత ఐక్య సంఘం నుంచి 33 మంది అక్కడ సమావేశం కాగా, వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. తమను బలహీనపరుస్తున్న చీలికలు తాము సృష్టించినవి కావని, బయటి నుంచి వచ్చి పడినవని, వాటిని కొనసాగించే కోరిక తమకు లేదని వారు తమ ప్రకటనలో స్పష్టం చేశారు. మిషన్ల ప్రధాన కార్యాలయాల అనుమతి కోసం కాచుకోకుండా స్థానిక సేవకులే చొరవ తీసుకోవడం ఆ సభ విశిష్టత. ఎడింబరోలో అజరయ్య కోరిన సమానత్వానికి తరంగంబాడి తొలి ఆచరణ అని చెప్పవచ్చు.

చర్చలకు ఆధారంగా వారు నాలుగు అంశాలను స్వీకరించారు. దైవగ్రంథం, అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, బిషప్ పదవి అన్నవి ఆ నాలుగు. మొదటి మూడింటిపై అంగీకారం త్వరగానే కుదిరినా నాలుగోది చర్చలను 28 ఏళ్ళు సాగదీసింది. క్రీస్తు అపొస్తలుల నాటి నుంచి అవిచ్ఛిన్నంగా వస్తున్నదని నమ్మే పరంపరలోని బిషప్ తలపై చేతులుంచి నియమిస్తేనే గురుత్వం, అంటే సంఘ కాపరి పదవి, సక్రమమని ఆంగ్లికన్లు భావించగా, పెద్దల సభో, స్థానిక సంఘమో నియమించిన కాపరి ఏ విధంగానూ తక్కువ కాదని ఇతరులు పట్టుబట్టారు. చివరికి కుదిరిన రాజీ ప్రకారం, అప్పటికే సేవలో ఉన్న కాపరులెవరినీ తిరిగి అభిషేకించరు, ఇకమీదట జరిగే నియామకాలు మాత్రం బిషప్పుల చేతుల మీదుగానే జరుగుతాయి, రెండు విధాల గురుత్వం 30 ఏళ్ళపాటు పక్కపక్కనే సాగుతుంది. ఎవరి గతాన్నీ తప్పుపట్టకుండా భవిష్యత్తును ఏకం చేసిన ఈ సూత్రమే ఐక్యత పథకానికి ప్రాణం.

చర్చలు సాగుతుండగానే దోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ రూపుదిద్దుకుని 1939 జనవరి 6న ప్రతిష్ఠ పొందింది. గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు ఒకే కట్టడంలో ఇమిడి ఉండగా, ఆ స్తంభాలపై తామర పువ్వు, అరటి పువ్వు చెక్కి ఉంటాయి. గెల వేశాక చెట్టు నశించినా పిలకలతో మళ్ళీ చిగురించే అరటిని మరణం నుంచి వచ్చే జీవానికి గుర్తుగా చేయడం తెలుగు రైతుకు వేరే వ్యాఖ్యానం అక్కరలేని బోధ. బిషప్ అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూసి దోర్నకల్‌లోనే సమాధి అయ్యారు. ఆంగ్లికన్ సర్వసభ ఐక్యత పథకాన్ని ఆమోదించింది ఆ నెలలోనే. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో 14 అధ్యక్ష మండలాలతో (డయోసీస్‌లతో) దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘాలు ఒకే పాలనలోకి రావడం ఐరోపా క్రైస్తవ సంస్కరణోద్యమం తరువాత అదే మొదలు.

ఆ ఐక్యత సంపూర్ణం కాదు. అజరయ్య అధీనంలో ఉండిన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలోనే పలువురు తమ పాత క్రమం పోతుందన్న భయంతో 1947లో చేరక, చాలా ఏళ్ళ తరువాత గానీ కలవలేదు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు నేటికీ వేరుగానే ఉన్నారు. అయినప్పటికీ పురుషోత్తమ చౌదరి వంటి కవుల రచనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథం ఈ శాఖలన్నిటికీ ఉమ్మడి ఆస్తిగా కొనసాగుతోంది. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల విద్యార్థులు కలిసి చదువుతున్నారు. పాలనలో కలవనివారు పాటలోనూ చదువులోనూ కలిశారన్నమాట. విదేశాల నుంచి వచ్చిన శాఖల గోడను తరంగంబాడి సభ కొంతవరకైనా పడగొట్టగలిగింది గానీ, ఈ నేల మీదే పుట్టిన కులపు గోడ సంఘం లోపల ఇంకా నిలిచే ఉంది. దాన్ని కూల్చినప్పుడే దోర్నకల్ మొదలుపెట్టిన పని పూర్తయినట్టు.