హైదరాబాద్ క్లోరోఫాం తగువు

మత్తు ఇవ్వడం నా వృత్తి. మా మత్తు డాక్టర్లలోనే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. క్లోరోఫాం నిద్రలో మనిషి ఎందుకు చనిపోతున్నాడు అన్న ప్రశ్న మీద లండన్, ఎడిన్‌బరో రెండుగా చీలి కొట్లాడుకుంటుంటే, తీర్పు చెప్పడానికి పూనుకున్నది మన హైదరాబాద్.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో హనా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోబోతూ ఆ మందు పీల్చి నిమిషాల్లో ప్రాణం విడిచింది. అప్పటికే ఆ పిల్ల భయంతో ఏడుస్తూ ఉంది. ఈ ఏడుపును గుర్తుపెట్టుకోండి.

ముందు గుండె ఆగుతుంది, నాడి పట్టుకుని కూర్చోండి అన్నారు లండన్ వాళ్లు. కాదు, ముందు ఆగేది ఊపిరి, దాన్నే గమనించండి అన్నాడు ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. కోఠిలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఆ పెద్ద స్తంభాల భవనమే అప్పటి రెసిడెన్సీ. ఇక్కడి వైద్య పాఠశాల విద్యార్థులకు లారీ గురువు మాటే నేర్పాడు: నాడి జోలికి పోవద్దు, ఊపిరి మీంచి చూపు తిప్పొద్దు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకోగా 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద పరీక్షలు చేసి, లారీ చెప్పిందే నిజమంది. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండని నిజాం వెయ్యి పౌన్లు ఇవ్వజూపాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ముప్పు అనుకుంటూ వచ్చినవాడు, కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాల మీద వందలాది పరీక్షలు చూశాక మనసు మార్చుకున్నాడు. ముప్పు ఊపిరి ఆడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల తప్ప గుండెకు నేరుగా లేదని లండన్‌కు తంతి కొట్టాడు. అన్ని మూగజీవాల ప్రాణాలు తీసిన తీర్పు అది. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోలేను.

తీర్పు సగమే నిలిచింది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన పరీక్షల్లో అసలు గుట్టు బయటపడింది. క్లోరోఫాం పలచగా ఎక్కిన స్థితిలో అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, వణికి, ఆగిపోతుంది. మత్తు గాఢంగా ఉన్నప్పుడు ఈ ప్రమాదం తక్కువ. అడ్రినలిన్ అంటే భయపడ్డప్పుడు మన ఒళ్లే రక్తంలోకి వదిలే రసం. హనా మరణానికి కారణాలు పలువురు పలు విధాలుగా చెప్పారు. ఆ ఏడుపుకీ ఆ చావుకీ సంబంధం ఉందనే నేను నమ్ముతాను. బలవంతాన పట్టుకుని మత్తిచ్చిన కుక్క గుండె గురించి కమిషన్ ఎన్నో కొలతలు తీసుకుంది. మెలకువకూ మత్తుకూ మధ్య గడప మీద మనిషి పడే బెదురును మాత్రం ఏ గొట్టంతోనూ కొలవలేదు.

క్లోరోఫాం పోయి దశాబ్దాలైంది. ఇప్పటి మందులు ఎంతో మేలు, తెర మీద గుండె లయ కనిపిస్తూనే ఉంటుంది. అయినా హైదరాబాద్ చెప్పిన సగం మాకు ఇవాళ్టికీ మొదటి పాఠం: ఊపిరి. మిగతా సగం రోగి మనసు. దానికి యంత్రం లేదు. పక్కన నిలబడి, చేయి పట్టుకుని, తెలుగువాళ్లతో తెలుగులో, ఉర్దూవాళ్లతో ఉర్దూలో ఏం జరగబోతోందో చెప్పాలి. జాబితాలో కేసులు ఎక్కువున్నాయని ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడం పొదుపు కాదు, వైద్యంలో ఒక భాగాన్ని ఎగ్గొట్టడం. మోతాదు లెక్క వేసే ముందు భయం ఎంతుందో చూడమని నా దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లకూ, పిల్లాడికీ చెప్పాను. ఇక ముందూ చెబుతాను.